కస్తూరి కోసం గుహలోకి

పురానాపూల్ దగ్గరి సుందరమ్మకు ఉన్నదంతా ఒక్కటే బర్రె, కస్తూరి. మగడు పోయాక ఆమెను నిలబెట్టింది దాని పొదుగే. హుస్సేనీ ఆలం ఇళ్లకు పాలు పోసి బతికేది. నోరు మాత్రం తక్కువది కాదు. పాలలో నీళ్లు కలిపేవాణ్ణి దొంగ అనేది, అదీ వాడి ముఖం మీదే.

1938 వానాకాలంలో, నిండు చూలుతో ఉన్న కస్తూరి ఫలక్‌నుమా అవతలి గుట్టల్లో మేస్తూ తప్పిపోయింది. డెక్కల గుర్తులు ఒక గుహలోకి పోతున్నాయి. మంద కాసే ఆగయ్య అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, లోపల చిరుత ఉంటదంటరు. రేపు పదిమందిమి పోదాం."

"ఇయ్యాలో రేపో ఈనే బర్రె అది. రేపటిదాంక నాకు పానం నిలుస్తదా? జరుగు!"

కొట్టంలో వాడే కార్బైడ్ దీపం వెంట తెచ్చుకుంది. అడుగు గిన్నెలో కార్బైడ్ రాళ్లు, పైన నీళ్లు. చుక్క చుక్క పడితే గ్యాస్ పుట్టి బుస్సుమని తెల్లగా మండుతుంది. ఆ వెలుగు పట్టుకుని లోపలికి దూరింది.

ఇరుకు దాటగానే దీపం పైకెత్తింది. తలెత్తితే పైకప్పు చూపుకు అందలేదు. దీపం ఎటు తిప్పితే అటు రాయంతా తళతళమంది. ఇన్నేళ్లూ ఈ గుట్ట పక్కనుంచే నడిచింది గానీ దీని కడుపులో ఇంత ఉందని ఏనాడైనా అనుకుందా! చూస్తూ, తిరుగుతూ, వచ్చిన దారే మరిచింది పిచ్చితల్లి. అంతలో మంట ముడుచుకుపోయింది. నీళ్లు అయిపోయాయి.

సుందరమ్మ గోడ తడిమింది. చీర కొంగును చెమ్మగోడకు అద్ది, దీపంలోకి పిండింది. మళ్లీ అద్దింది, మళ్లీ పిండింది. బుస్సుమని మంట లేచింది, దాంతోపాటే వెల్లుల్లిలాంటి ఘాటు గ్యాస్ వాసనా లేచింది.

ఎక్కడో బర్రె అరిచింది.

పాడి ఉన్నన్నాళ్లూ రోజూ తెల్లవారుజామున కొట్టంలో ఆ వాసన తగిలితేనే కస్తూరి పాలు చేపేది. అలవాటు తప్పని ఆ జీవం చీకట్లోంచి తనే నడిచి వచ్చింది. ముందు రెండు కళ్లు మెరిశాయి. తర్వాత వాటి కిందుగా, తడబడుతూ, ఇంకో రెండు చిన్న కళ్లు. సుందరమ్మ అక్కడే కూలబడి రెండు చేతులూ జోడించి భోరున ఏడ్చింది.

తర్వాత తోక పట్టుకుని నడిచింది. బర్రె ముందు, దూడ పక్కన, ఆమె వెనక.

బయట ఆగయ్య ఎదురొచ్చాడు. "దొరికిందా అక్కా?"

"నాకది యాడ దొరికింది ఆగయ్యా! గా చీకట్ల దానికే నేను దొరికిన."