త్రాసు మీద కొసరు

మా ఆవిడ పళ్ళ డాక్టరు. క్లినిక్ ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రా ఊళ్ళోని గంగాలిన్‌లో మా ఇంటికి దగ్గరే. వారమంతా జనం నోళ్ళలో వేళ్ళు పెట్టి పనిచేసే మనిషి, శనివారం వస్తే పిస్టల్ క్లబ్బుకి వెళ్ళి గురిచూసి కాలుస్తుంది. ఈ మాట చెబితే మనవాళ్ళు ముందు నా వంక జాలిగా చూస్తారు. నాకు మాత్రం మొదటినుంచీ గర్వమే, కొంచెం భయం కూడా.

లైసెన్సు వచ్చిన కొన్నాళ్ళకి, క్లబ్బులో చాలామందిలాగే తనూ తూటాలు సొంతంగా నింపుకుంటానంది. పేల్చేసిన ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చుకుని, శుభ్రం చేసి, మళ్ళీ తుపాకిమందు పోసి, పైన గుండు బిగించాలి. నేర్పడానికి క్లబ్బులోని ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు. ఆంటీ అని పిలిస్తే మొదట్లో వింతపడింది గానీ తర్వాత అలవాటు పడిపోయింది.

గరాజ్‌లో పాఠం. గుమ్మం దగ్గర నేను, నోరెత్తకూడదనే షరతు మీద. కళ్ళకి అద్దాలు పెట్టుకోమంది ఆంటీ. ఫోను ఇంట్లో వదిలి రమ్మంది. బల్ల మీద ఒక్క మందు డబ్బాయే ఉండాలి, రెండో రకం కంటికి కూడా కనపడకూడదు. పుస్తకంలో అచ్చయిన మోతాదే తప్ప స్నేహితులు చెప్పింది నమ్మొద్దు. అలసటగా ఉన్నా, మనసు ఇంకెక్కడో ఉన్నా అసలు కూర్చోనే కూర్చోవద్దు.

మా ఆవిడ తూచింది. తూకం సరిగ్గా కుదిరింది. కుదిరాక, చిన్న చెంచాతో ఇంకాస్త మందు తీసి పళ్ళెంలో వేసింది.

ఆంటీ పళ్ళెం అందుకుని మందంతా తిరిగి డబ్బాలో పోసి, ఎందుకు వేశావని అడిగింది. మా ఆవిడ తెల్లబోయింది. వేసినట్టు తనకే తెలియదు. తెనాలిలో వాళ్ళ నాన్నగారి కిరాణా కొట్లో పెరిగిన పిల్ల. తూకం అయ్యాక కొసరు వేయకుండా పొట్లం కడితే ఆయన ఊరుకునేవారు కాదు. కొసరంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి నానా తంటాలూ పడింది. ఆంటీ శ్రద్ధగా విని, మీ నాన్న మంచి మనిషి, కానీ ఈ బల్ల దగ్గరికి ఆయన్ని రానివ్వకు అంది. మందు మోతాదు మించితే తుపాకీ చేతిలోనే పగిలిపోవచ్చట. నా కళ్ళు మా ఆవిడ వేళ్ళ మీదే ఉండిపోయాయి.

కాన్‌బెర్రా జట్టుకి ఎంపిక పోటీ వచ్చింది. దానికోసం తను చలికాలమంతా వేళ్ళు కొంకర్లు పోతున్నా సాధన చేసింది. ముందురోజు సాయంత్రం తూటాలు నింపడానికి కూర్చుంది. అన్ని తొడుగుల్లోనూ మందు పోశాక, గుండ్లు బిగించే ముందు, ఆంటీ నేర్పినట్టే టార్చిలైటుతో ఒక్కో దాంట్లోకీ తొంగిచూస్తోంది. ఒకచోట ఆగిపోయింది. ఆ తొడుగులో మందు రెండుసార్లు పడింది. దాన్ని తీసేస్తుందనుకున్నాను. కానీ ట్రేలో ఉన్న తొడుగులన్నిట్లోని మందూ తిరిగి డబ్బాలోకి ఒంపేసింది.

నేను షరతు మరిచిపోయి, ఆ ఒక్కటీ తీసేస్తే సరిపోయేది కదా అన్నాను.

“డబుల్ పడింది కాబట్టి టార్చ్‌కి దొరికిందండీ. మిగతావాటిలో కొసరు పడుంటే దొరకదు. ఇవాళ నా మైండంతా రేపటి మ్యాచ్ మీదుంది. అలాంటప్పుడు నా చెయ్యి మా నాన్న కొట్లో ఉంటుంది.”

మళ్ళీ నింపలేదు, చెయ్యి మీద నమ్మకం లేదంది. కొందామంటే షాపులు మూసేశారు. ఇంకొకరు నింపిన తూటాలు తన తుపాకీలో పెట్టదు. లైటు ఆర్పేసి లోపలికి వచ్చేసింది. ఎన్నో నెలల కష్టాన్ని అంత నిశ్శబ్దంగా వదిలేసిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు పోటీకి వెళ్ళింది, చూడటానికి. వేరే అమ్మాయిని ఎంపిక చేస్తే చప్పట్లు కొట్టింది. కళ్ళు తడిగానే ఉన్నాయి. సంగతి విన్న ఆంటీ, మా ఆవిడ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు పట్టుకుంది.

ఇంటికొచ్చి వంట చేసింది. నేను చాలు చాలంటున్నా వినకుండా, ఆ చేత్తోనే కొసరి కొసరి వడ్డించింది.