గున్నయ్య బొటనవేలు, గాజు గొట్టం

ఒడిశాలోని మునిగుడలో చింతపండు టోకు వ్యాపారం చేసే గున్నయ్య నోరు విప్పితే, స్టేషన్లో రైలు కూడా ఆగి విని మరీ కదులుతుందంటారు. అలా అనేది గున్నయ్యే.

గోనెసంచులు కుట్టే దబ్బనం ఆయన కుడికాలి బొటనవేల్లో దిగింది. షుగరుతో మొద్దుబారిన పాదం కాబట్టి తెలియనే లేదు. బజారులో మాత్రం, నియమగిరి కొండల్లో ఎలుగుబంటితో కుస్తీ పట్టానని, దాని గోరు వేల్లో విరిగిందని చెప్పుకున్నాడు. చెప్పినకొద్దీ ఎలుగుబంటి పెరిగింది. పుండూ పెరిగింది.

కొరాపుట్‌లో ఒక ప్రైవేటు డాక్టరు కుళ్లిన కండ తీసేసి, మందులు రాసి, చాలాకాలం చూశాడు. చివరికి తేల్చేశాడు: "వేలికి రక్తం సరిగా అందడం లేదు. ఆక్సిజన్ గదిలో పెట్టి చూద్దాం. అప్పటికీ మానకపోతే వేలు తీసేయాలి."

గది అంటే ఒక మనిషి పట్టే గాజు గొట్టం. గున్నయ్య కుంటుకుంటూ దాని చుట్టూ తిరిగి, నర్సు దొర్కాని పట్టుకున్నాడు.

"అమ్మీ, పీల్చేది ముక్కుతోటి. పుండు కాలికి. ఈ గాలికి దారెవుడు సూపిత్తాడు?"

"రక్తమే మోసుకెల్తాది బాబాయ్. మామూలుగా ఎర్రకణాలు మోస్తాయి. అవి నిండిపోతే ఇంక పట్టవు. సోడాలో గేసు ఎలగెక్కిస్తారు?"

"గట్టిగా నొక్కి."

"ఇదీ అంతే. ఒత్తిడి పెంచితే ఆక్సిజన్ రక్తంలోని నీటిలోనే కరిగిపోతాది. కణాలు సరిగా ఎల్లలేని సోటికి కూడా అందుతాది. పుండు దగ్గర సన్న సన్న రక్తనాళాలు కొత్తగా మొలుస్తాయి."

"మరి మూత తీస్తే నాను బుస్సుమని పొంగిపోనేటి?"

"అందుకే మెల్లిగా తగ్గిస్తాం."

ఆముదం రాసుకోకుండా గడప దాటని మనిషికి తల రుద్ది కడిగించారు. అంత ఆక్సిజన్‌లో నూనె ఉంటే నిప్పంటుకునే ప్రమాదమట. నూలు గౌను తొడిగి పడుకోబెట్టారు.

"కొండ ఘాటీ దిగే బస్సులోలాగ సెవులు దిబ్బడేస్తాయి. నొప్పెడితే సెయ్యెత్తండి," అంది దొర్కా.

"సముద్రం అడుగు సూసొచ్చినోణ్ణి. నా సెవులకేటవుద్ది?"

"భీమిలిలో మోకాల్లోతు దిగేరు," అంది పక్కనే ఉన్న భార్య రాజ్యం.

మూత పడింది. ఒత్తిడి పెరిగింది. చెవుల్లో మేకులు దిగినట్టయింది. ఇప్పుడే అంత మాట అని, పెళ్లాం ముందు చెయ్యెలా ఎత్తడం? పళ్లు బిగించాడు. కళ్లలోంచి నీళ్లు కారడం చూసి దొర్కా వెంటనే ఒత్తిడి ఆపి, కాస్త తగ్గించింది.

"తీసీ అమ్మీ, మూత తీసీ! ఏలు పోతే పోనీ!" గొట్టం బయటి స్పీకర్లో గున్నయ్య కేక.

"కావాలంటే తీసేస్తాను బాబాయ్. ముందొక గుటక మింగండి."

"నోట్లో తడుంటే గదా!"

ఇప్పుడు బయటికొస్తే ఈ మనిషి మళ్లీ ఆ గొట్టం ముఖం చూడడని రాజ్యానికి తెలుసు. మైకు దగ్గరికి వంగింది.

"ఏటండీ, ఆ ఎలుగ్గొడ్డు ఎంత పొడుగు?"

గున్నయ్య తల ఆమె వైపు తిప్పాడు.

"ఆరడుగులు."

"మొన్న ఏడన్నారు?"

"అది నిలబడినప్పుడు! నీకేటి తెలుసు? ఇలగ పంజా ఎత్తిందా..."

దవడలు ఆడాయి. మాటల మధ్య గుటకలు పడ్డాయి. రెండో పంజా దెబ్బకి చెవిలో 'టప్'మంది. గున్నయ్య తెల్లబోయాడు.

"అమ్మీ, తెరుసుకుంది!"

"ఆపకండి బాబాయ్, సెప్పండి," అంటూ దొర్కా ఒత్తిడిని మళ్లీ నెమ్మదిగా పెంచింది. కథలో ఎలుగుబంటి కొండ దిగి, ఊళ్లోకొచ్చి, స్టేషన్ టికెట్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడింది. ఈలోగా అక్కడున్న రోగుల బంధువులంతా స్పీకర్ చుట్టూ మూగారు.

అలా గొట్టంలోకి వెళ్లొస్తూ కొన్ని వారాలు గడిచాయి. మరోపక్క షుగరు మందులు, రోజూ కట్టు మార్చడం, కాలు కింద మోపకపోవడం. ఒకరోజు డాక్టరు కట్టు విప్పాడు. నల్లబడ్డ చోట దానిమ్మ గింజల్లా ఎర్రటి కొత్త కండ పుట్టింది.

"వేలు తీయక్కర్లేదు," అన్నాడు.

అందరూ ముందుకు వంగి చూశారు. గున్నయ్యా తన వేలినే చూస్తూ ఉండిపోయాడు. రాజ్యం ఆయన భుజం తట్టింది.

ఆయన రెండు చేతులూ వేలికి అడ్డం పెట్టాడు.

"అందరూ అలగ సూడకండి," అన్నాడు. "దిష్టి తగుల్తాది."