రచయిత ఫోల్డరు లేని పుస్తకం

చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే మా అక్క కూతురు మొన్న ఆదివారం పొద్దున్నే వచ్చి, తాను రాసిన పుస్తకాన్ని అచ్చుకు పంపకముందే నా ఒళ్ళో పెట్టి, "చిన్నమ్మా, తిట్టేదుంటే ఇప్పుడే తిట్టు, అచ్చయినంక తిడితే ఏం ఫాయిదా?" అంది. పుస్తకం బిల్డ్ టూల్స్ మీద. ప్రోగ్రాము రాసి ఊరుకుంటే సరిపోదు కదా, ఆ ముక్కలన్నిటినీ వరుస తప్పకుండా కూర్చి నడిచే సాఫ్ట్‌వేరుగా తయారుచేసే పనిముట్లు అవి. నా నోటి సంగతి తెలిసీ తెచ్చిందంటే పిల్లకు ధైర్యం ఎక్కువే. భయమల్లా నాకే పట్టుకుంది. బాగాలేనిదాన్ని బాగుందనడం నాకు చేతకాదు, బాగాలేదంటే అక్క నాతో మాట్లాడదు.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మెట్రో స్తంభాలు లేని ఆ దిల్‌సుఖ్‌నగర్, ప్రతి మేడ మీదా ఓ కంప్యూటర్ కోర్సు బోర్డు, కింద జిరాక్సు దుకాణం. నల్లగొండ పక్క పల్లె నుంచి డిగ్రీ పట్టాతో వచ్చి ఎల్బీనగర్‌లో అక్క ఇంట్లో దిగిన నాకు, నౌకరీ నిలబడకపోతే ఊరికి తిరిగి రావాలన్నది మా నాయన షరతు. కోర్సులో మాకు దిక్కు ఒకే ఒక లావుపాటి పుస్తకం, అదీ జిరాక్సు ప్రతి. అందులో ప్రతి ఉదాహరణలోనూ ఒక ఫోల్డరు, దానికి రచయితగారి పేరు. అది ఆయన తన కంప్యూటరులో పెట్టుకున్న ఫోల్డరని ఆ మహానుభావుడు ఎక్కడా చెప్పలేదు. మేమేమో అది పనిముట్టులోనే ఒక భాగమనుకున్నాం. కొత్తవాళ్ళు ల్యాబులో అడుగుపెట్టగానే సీనియర్లు చెప్పే మొదటి పాఠం కూడా అదే: "ముందుగాల గా సారు పేరు మీద ఫోల్డర్ చెయ్యి, లేకుంటే ఏం నడ్వది." చేస్తే నడిచేది మరి, అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

తొలి ఉద్యోగంలో నన్ను ఉంచుకోవాలో పంపించాలో తేల్చే రోజున, నా ప్రోగ్రామును టీమ్ లీడు కంప్యూటరులో బిల్డు చేయమన్నారు. నా దగ్గర చక్కగా నడిచినది అక్కడ తెర నిండా తప్పులు చూపే ఎర్ర అక్షరాలైంది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆ పెద్దమనిషి నా ఫైలు తెరిచి, ప్రతి వరుసలోనూ ఉన్న ఆ పేరు చూసి, "ఈయనెవరమ్మా, మీ నాన్నగారా?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేనూరుకుంటానా? "మా నాయన కాదు సార్, మాకు పుస్తకం రాసినాయన. ఆయన ఇంటి అడ్రసు పాఠంల పెడితే తప్పు నాదెట్లయితది?" అన్నాను. సోమవారం దాకా గడువిచ్చారు.

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల గుట్టలో, అట్ట ఊడిన ఒక సన్నటి పుస్తకం దొరికింది. మొదటి పేజీలోనే బిల్డు చెడిపోయింది! ఎర్ర అక్షరాలను ఉన్నవున్నట్టు అచ్చువేసి, ఫైలు ఎక్కడుందో చెప్పే ఈ దారి నా కంప్యూటరులో ఉంది, మీ దగ్గర ఉండదు, అందుకే మీది చెడింది, ఎవరి ఇంటి దారీ రాయకుండా ప్రోగ్రాము ఉన్న చోటి నుంచే దారి చెప్పండి అని రాశాడు దాని రచయిత. ఎండలో నిలబడి అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదువుతుంటే, "ఏందమ్మా, మొత్తం ఈడనే సదువుతవా, కొనేదేమన్న ఉన్నదా?" అని దుకాణదారు కసిరాడు. ఆ పుస్తకం కొనేసి, సోమవారం పొద్దున్నే నా ఫైలులో ఆ పేరున్న వరుసలన్నీ మార్చాను, బిల్డు ఒక్క ఎర్ర అక్షరం లేకుండా పూర్తయింది. "ఇవాళ మీ నాన్నగారు రాలేదేంటమ్మా?" అన్నారు టీమ్ లీడు. ఈసారి అందరికంటే ముందు నవ్వింది నేనే.

అప్పటినుంచీ నాకు ఒకటే కొలమానం. రాసినవాడు పక్కన లేకపోయినా, ఖాళీ కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి పని జరిగితే అది మంచి పుస్తకం. ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో చూపించాలి. కంప్యూటరుకిచ్చే ఆదేశాలు ఏటా మారిపోతాయి, ఆ ఎందుకన్నది మారదు. ఇక ఒకే ఫైలున్న ఉదాహరణ ఇచ్చి బిల్డ్ టూలు గొప్పలు చెప్పేవాళ్ళతో నేనిప్పటికీ తగువుకు సిద్ధం, ఒక్క గ్లాసు టీకి వంటమనిషిని పెట్టినట్టుంటుంది.

అందుకే అక్క కూతురి పుస్తకంలో ముందు ఆ పిల్ల ఫోల్డరు కోసమే వెతికాను. లేదు. మొదటి అధ్యాయంలోనే బిల్డు చెడింది, తర్వాత కుదిరింది. హమ్మయ్య అనుకుని అక్కకు ఫోన్ చేశాను. తిట్టడానికి ఒక అధ్యాయం దొరికిందనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పటి పిల్లలు ఎర్ర అక్షరాలను ఫోనుకు చూపిస్తే రెప్పపాటులో జవాబొస్తుంది, నాలాగా ఎండలో నిలబడి వెతకనక్కరలేదు, మంచిదే. ఆ పుస్తకాల గుట్ట ఉన్న చోట ఇప్పుడు మెట్రో మెట్లు. మా అందరి చేతా తన పేరు రాయించుకున్న ఆ లావు పుస్తకం పెద్దమనిషి పేరు నాకింకా నోటికొచ్చు. నా నౌకరీ నిలబెట్టినాయన పేరు మాత్రం ఊడిన అట్టతోనే పోయింది, లోపల ఎంత వెతికినా ఎక్కడా రాసుకోలేదు.