అర్ఫా నాడు చెప్పని పేరు

"ఒక్క పేరే గదా అక్కా. నీ నోటికి బరువైతదా?"

"ఔ, బరువే. హల్వా నాది, నోరు నాది. ఎవ్వరి పేరు చదివియ్యాల్నో నాకెరుక."

"నీ మరిది గాదా ఆయన? సంకల ఏసుకొని తిరిగిన్నంటివి."

"ఏసుకున్న. గందుకే ఎరుక. నీ ఇంట్ల పొయ్యి లేదా? నువ్వే చేసి చదివిచ్చుకో."

"నా కొడుకు చెయ్యనియ్యడు. నీకు తెల్వదా ఏంది?"

"తెల్సు. వాడు గా మాట ఎవ్వరి తాన నేర్చుకున్నడో గూడ తెల్సు. నా మొగుని హల్వా తిన్న మేక ఉన్నది సూడు, దాని పేరన్న చదివిస్త గని, నీ మొగుని పేరు చదివియ్య."

నల్లా కింద ఆమె బిందె నిండి పొర్లిపోతోంది. ఆమె కట్టలేదు. నేనే వంగి కట్టేశాను. జగడం మధ్యలోనైనా సరే, నీళ్లు పారిపోతుంటే నేను చూడలేను.

ఆమె నా మరిది భార్య, మా వైపు మాటలో ఏరాలు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒకే వాకిలికి అటు ఆమె గడప, ఇటు నా గడప. మాది దూదేకుల ఇల్లు. నమాజు అరబ్బీలో చదువుతాం, బజారులో ఉర్దూ మాట్లాడతాం, తిట్టుకునేది మాత్రం తెలుగులోనే. నా భర్త పరుపులు కుట్టేవాడు. పాత పరుపు విప్పి, దూది మళ్లీ ఏకి, అదే గుడ్డలో నింపి కొత్తదానిలా చేసిచ్చేవాడు. ఆయన తమ్ముడు ఆబిడ్స్‌లో ఒక సూట్ల దుకాణానికి కుట్టుపని చేసేవాడు. నేను కొత్త కోడలిగా వచ్చేసరికి ఆ మరిదికి నాలుగేళ్లు. నా కొంగు పట్టుకునే పెరిగాడు.

ఆ రోజు అర్ఫా, అంటే షబే బరాత్‌కు ముందు రోజు. బరాత్ రాత్రి మగవాళ్లు మసీదులో జాగారం చేస్తారు, ఖబ్రస్తాన్‌కు పోయి సమాధుల దగ్గర తమవాళ్ల కోసం దువా చేస్తారు. కానీ ఏడాదిలోపు ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, వాళ్లకు ఒక రోజు ముందుగా, అర్ఫా నాడే హల్వా చేసి, దాని ముందు వాళ్ల పేరున ఫాతెహా దువా చదివించాలి. అప్పుడే కొత్తగా పోయినవాళ్లు పాతవాళ్లలో కలుస్తారని మా అత్త నాకు చెప్పింది. చదివించకపోతే పెళ్లింటి ముందు పిలుపు లేని చుట్టంలా వాకిట్లోనే నిలబడిపోతారట.

ఇది అందరూ ఒప్పుకునే మాట కాదని నాకూ తెలుసు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మరిది అక్కడ కొన్న ఒక చిన్న ఉర్దూ పుస్తకంతో మా ఇంట్లోకి వేరే మాట వచ్చింది. తర్వాత అతను మసీదు కూడా మార్చాడు. ప్రవక్త చేయని పనిని దీన్ పేరుతో చేస్తే అది బిద్దత్, మతంలో లేనిది కలపడం అనేవాడు. పోయినవాళ్ల కోసం దువా చేయండి, పేదవాళ్లకు పెట్టండి, దానికి ఒక రోజు, ఒక హల్వా, ఒక మనిషి వచ్చి చదవడం ఎందుకని అడిగేవాడు. నా భర్త నవ్వి, "నువ్వు దువా చెయ్యిర తమ్మీ, మీ వదిన హల్వా చేస్తది, నేను తింట" అనేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ రెండు దారులూ ఒకే వాకిట్లోంచి నడిచాయి.

పదకొండేళ్ల కింద నా భర్త పోయాడు. మూడు నెలలకు అర్ఫా వచ్చింది. నేను శనగపప్పు నానబెట్టి, పాలలో ఉడికించి, రోట్లో రుబ్బి హల్వా చేశాను. నెయ్యి కొన్నది కాదు, ఆ మూడు నెలలూ చాయ్‌లోకి మీగడ రానివ్వకుండా దాచి కాచుకున్నది. ఫాతెహా చదవడానికి మోజన్ సాబ్ వచ్చాడు. మసీదులో అజాన్ ఇచ్చే మనిషి ఆయన. మరిది గడపలో అడ్డం నిలబడ్డాడు. "మా అన్న ఇంట్ల ఈ పని జరగది, మీరు పోండ్రి" అన్నాడు. ఆయన నా వైపు చూసి, తల దించుకుని పోయాడు. సరే, మగవాళ్ల మాట. కానీ ఏరాలు లోపలికి వచ్చి, హల్వా ఉన్న తబుకు ఎత్తి, బక్రీద్ కోసం కట్టేసిన మేక ముందు పెట్టింది. మేక మొత్తం తినేసి తబుకు కూడా నాకింది. నేను ఇద్దత్‌లో, భర్త పోయిన ఆడది గడప దాటకూడని నాలుగు నెలల పది రోజుల్లో ఉన్నాను. గడప దాటి వెళ్లి లాక్కోలేకపోయాను.

తర్వాత ప్రతి బరాత్‌కూ నా భర్త పేరు మీద చదివించాను. కానీ మొదటి అర్ఫా పోయింది. అది మళ్లీ రాదు. పదకొండేళ్లు, వాన పడినప్పుడల్లా, ఆయన ఎక్కడో వాకిట్లో తడుస్తున్నట్టే ఉండేది నాకు.

మొన్న చలికాలంలో మరిది పోయాడు. గుండె నొప్పి అన్నారు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఇప్పుడు ఆయన చెప్పులు చేత పట్టుకుని వాకిట్లో నిలబడినట్టు ఏరాలికి కల వస్తోందట. లోపలికి రమ్మంటే రాడట. అందుకే నల్లా దగ్గర నన్ను పట్టుకుంది. పదకొండేళ్లూ ఈ రోజు కోసమే కూర్చున్నానని చెప్పను గానీ, వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టాను.

పగటి వేళ ఆమె కొడుకు వచ్చాడు. ఆబిడ్స్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. తండ్రి గడ్డం, తండ్రి మాటే.

"పెద్దమ్మా, అమ్మ నిన్నేమన్న అడిగిందా?"

"అడిగింది. చెయ్యనన్న."

"మంచిగ జేసినవ్. నాయిన ఉంటే ఒప్పుకుంటుండెనా చెప్పు? ఆయన వద్దన్న పనిని ఆయన పేరు మీదనే చేస్తే ఎట్ల?"

వాడూ నేనూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి. నాకు నచ్చలేదు. శనగపప్పు చెరగడంలో పడ్డాను. వాడు పోకుండా స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"హల్వా కాడ, అర్ఫా కాడ మనకు పడది పెద్దమ్మా. కని గా రాత్రి గురించి మా దిక్కు చదువుకున్నోళ్లల్ల గూడ కొందరు ఒప్పుకునే మాట ఒకటున్నది. అల్లా అందరిని మాఫ్ చేస్తడంట, కడుపుల కీనా పెట్టుకున్నోళ్లను తప్ప."

కీనా అంటే పగ.

"గీ మాట పదకొండేండ్ల కింద మీ అమ్మకు చెప్పకపోతివి?"

"అప్పుడు నాకు పన్నెండేండ్లు పెద్దమ్మా."

"మేకను కట్టేసింది నువ్వే గదా."

"ఔ. మేపింది గూడ నేనే. హల్వా తిని దానికి రెండు దినాలు కడుపు నడిచింది."

నవ్వు రాబోయింది. ఆపుకున్నాను. "పో, దుకాణానికి టైమైతుంది" అన్నాను.

ఆ రోజు నెయ్యి విషయంలో నేను పొదుపు చూడలేదు. కిటికీలు తెరిచిపెట్టి మరీ కలిపాను. వాసన వాకిలి దాటి అవతలి గడప దాకా పోవాలి. హల్వాను తబుకులో పరిచి, ముక్కలు కోసి, ఏరాలి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"సాయంత్రం అసర్ నమాజు అయినంక ఫాతెహా. వచ్చి కూసో. పేర్లు విను."

నేను ఎందుకు పిలిచానో ఆమెకు అర్థమైంది. అయినా వచ్చింది. లోపలికి రాలేదు, తలమీద కొంగు సర్దుకుని నా గడప అవతల కూర్చుంది.

అదే మోజన్ సాబ్. ఇప్పుడు చేతిలో కర్ర వచ్చింది. హల్వా ముందు కూర్చుని, అగరొత్తి పొగ తగలకుండా కాస్త జరిగి, "పేర్లు చెప్పమ్మా" అన్నాడు.

నేను చదివింది నాలుగో తరగతి వరకే. అత్తారింట్లో ఉన్న నా కూతురి బిడ్డ పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చించి, దబ్బనంతో కుట్టి, మా ఇంట్లో పోయినవాళ్ల పేర్లన్నీ అందులో రాసుకున్నాను. అత్తమామలు, నా తల్లిదండ్రులు, పుట్టిన రోజే పోయిన నా బిడ్డ, నా భర్త. ఒక్కొక్కటే గట్టిగా చదివాను. గడప అవతలికి వినబడాలని. నా భర్త పేరు తర్వాత ఒక గీత ఖాళీగా వదిలి ఉంది. అక్కడికి రాగానే ఆగాను. ఏరాలు తలెత్తి చూసింది. ఆమె కళ్లలోకి చూస్తూ పుస్తకం మూసేశాను.

"అంతేనా?" అన్నాడు మోజన్ సాబ్.

"గంతే."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. నేను చెప్పిన పేర్లన్నీ చెప్పాడు. ఆ తర్వాత చేతులు ఇంకాస్త పైకెత్తి, ఈ ఇంటి నుంచి పోయినవాళ్లు, పేరు తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు, ముస్లిం మగవాళ్లు, ఆడవాళ్లు, అందరికీ దీని పుణ్యం చేరాలి అన్నాడు. గడప అవతల నుంచి "ఆమీన్" వినబడింది. అంత గట్టిగా ఆమె నోటి నుంచి ఏ మాటా రావడం నేను వినలేదు.

ఆయన చేతులు ముఖానికి రాసుకోగానే అడిగాను. "మోజన్ సాబ్, నేను చెప్పనోళ్లను ఎందుకు కలిపిన్రు?"

"ఎవ్వరినమ్మా?"

"అందరికి అంటిరి గదా. ఈ ఇంటి నుంచి పోయినోళ్లందరికి అని."

"ఫాతెహా గట్లనే ఉంటదమ్మా. యాభై ఏండ్ల సంది గట్లనే చదువుతున్న. ఒక్కరిని బయట పెట్టి చదువుడు నాకు రాదు. ఎవ్వరు నేర్పలే."

"ప్రతి ఇంట్ల గిదే చదువుతరా?"

"ప్రతి ఇంట్ల. ఇయ్యాల పొద్దుగాల్నుంచి ఇది తొమ్మిదో ఇల్లు."

ఆయన వాటా హల్వా గిన్నెలో పెట్టిచ్చి పంపాను. తర్వాత అక్కడే కూర్చుండిపోయాను. తొమ్మిది ఇళ్లు. పదకొండేళ్ల కింద, మా గడపలోంచి తిరిగిపోయిన ఆ మనిషే, ఆ సాయంత్రం ఇంకెన్ని ఇళ్లకు పోయి ఉంటాడు? ప్రతి చోటా అందరికీ అని ఉంటాడు. అందులో నా భర్త ఉండి ఉంటాడు. ఎవరో ముక్కు మొహం తెలియనివాళ్ల హల్వా మీద ఆయన లోపలికి పోయి ఉంటాడు. వాకిట్లో తడవలేదు. ఇన్నేళ్లూ ప్రతి వానకూ తడిసింది నేను.

సంతోషపడాల్సిన మాటే. కానీ నాకు ఒళ్లు మండింది. అయితే మరిది పాపం అంత పెద్దది కాదన్నమాట. ఆయన ఆపగలిగింది మోజన్ సాబ్‌ను మాత్రమే. నేను ఆపగలిగింది నోటు పుస్తకంలో ఒక గీతను. ఇద్దరం సమానమే. ఆ లెక్క నాకు గిట్టలేదు. హల్వా మేకకు పెట్టిన సంగతి మాత్రం ఎవరి దువాలోనూ కలవదు, అది ఎక్కడిదక్కడే ఉంది అనుకున్నాను. గల్లీలో అన్ని ఇళ్లకూ హల్వా పంచాను. ఏరాలి ఇంటికి పంపలేదు. ఆమె అప్పటికే లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున, ఆమె కొడుకు ఇంకా ఇంట్లో ఉండగానే, ఆమె పొయ్యి మీద నుంచి నెయ్యి వాసన వచ్చింది. వాడి గొంతు వినబడింది. "అమ్మా, వద్దని చెప్పిన గదా." ఆమె గొంతు కూడా వినబడింది. "నేను ఫాతెహా చదివిస్తలేను. పక్కింటామెకు ఇచ్చేది బాకీ ఉన్నది." కాసేపటికి వాడు బండి తీసుకుని ఆబిడ్స్ పోయాడు. పోతూ నాకు సలాం చెప్పాడు.

ఆమె మూత పెట్టిన గిన్నె తెచ్చి నా గడప మీద పెట్టింది. శనగపప్పు హల్వా. సరిగా రుబ్బలేదు, పలుకులు కనబడుతున్నాయి.

"మేక తిన్నంత ఉండకపోవచ్చు" అంది. తర్వాత, బరాత్‌కు ముందు అందరూ ఒకరినొకరు అడిగే మాటే అడిగింది. "అన్నది విన్నది మాఫ్ చెయ్యక్కా."

"మగ్రిబ్ దాకా టైమున్నది" అన్నాను. బరాత్ రాత్రి పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళ నుంచే మొదలవుతుంది.

ఆమె వెళ్లలేదు. నేను హల్వాను నా తబుకులోకి మార్చాను. నల్లా దగ్గర గిన్నె కడిగాను. మా గల్లీలో ఎవరూ ఎవరి గిన్నె ఖాళీగా తిరిగివ్వరు, చిటికెడు చక్కెరైనా వేసి ఇస్తారు. నేను ఖాళీగానే ఇచ్చాను. ఆమె తీసుకుని వెళ్లింది.