బంపర్ మీద కొబ్బరికాయ

ఆ రోజుల్లో, కాగితం మీద నిలబడ్డది నేల మీద కూడా నిలబడుతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. కార్ల సీట్ల ఫ్రేములు ఎంత బరువు ఆపగలవో లెక్కలు కట్టడం నా కొత్త ఉద్యోగం. అమెరికాలోని నోవైలో, మా అక్కావాళ్ళ ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఆ ఉదయం ఉన్నవాళ్ళు, ఉన్నవి: అక్క, కారు తాళాలు వేలికి తిప్పుతూ బావ, వాళ్ళ ఆరేళ్ళ పాప, నేను, బావ సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రావెల్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించుకుని వెళ్ళే చక్రాల ఇల్లు, దాని వెనక బంపర్‌కి బిగించాల్సిన సైకిల్ ర్యాక్, నాలుగు సైకిళ్ళు, బోల్టు ఎంత బిగిసిందో కొలిచి చూపే ఒక టార్క్ రెంచి (నాది, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు). సైకిళ్ళలో ముఖ్యమైనది గులాబీ రంగు చిన్నది. పక్క చక్రాలు తీసేసి తొక్కడం పాప ఆ వారమే నేర్చుకుంది. మేం వెళ్ళబోయే సరస్సు పక్క క్యాంప్‌గ్రౌండ్‌కి వచ్చే ఫ్రెండ్స్‌కి తొక్కి చూపిస్తానని మాట కూడా ఇచ్చేసింది. అందుకే మాటిమాటికీ వచ్చి నా భుజం తట్టేది.

"మామా, నా బైక్ వస్తుంది, రైట్?"

"వస్తుందమ్మా. లెక్క కట్టాను."

బావది వరంగల్. నిలబడ్డ చోట నిలబడడు. కారు స్టార్ట్ చేసేవాడు, ఆపేవాడు, మబ్బు చూసేవాడు. "బామ్మర్దీ, మూడింటికి చెక్-ఇన్ ఉంది. నాలుగు బోల్టులకి గింత సేపా?" నేను మాత్రం బోల్టు బిగించడం, కొలవడం, మళ్ళీ విప్పడం. (నిజానికి మొదటిసారే బాగా బిగిసింది. కానీ చూసేవాళ్ళున్నారు కదా.) చివరికి నాలుగు సైకిళ్ళూ ఎక్కించాను. కొత్తగా వేసిన నల్ల పెయింట్‌తో బంపర్ తళతళలాడుతోంది.

అప్పుడు అక్క పళ్ళెం పట్టుకుని వచ్చింది. బంపర్‌కి పసుపు, కుంకుమ పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలన్నదే సమస్య. డ్రైవ్‌వేకి కొత్తగా కోటింగ్ వేయించారు, దాని మీద కొట్టడానికి బావ ఒప్పుకోడు.

"బంపర్ మీదే కొట్టక్కా," అన్నాను ధీమాగా. "నాలుగు సైకిళ్ళు మోసేదానికి ఒక కొబ్బరికాయ లెక్కా?"

అక్క కళ్ళు మూసుకుని ఒక్కటి కొట్టింది. టప్ మంది. పగిలింది కొబ్బరికాయ కాదు. బంపర్ ఎడమ కొన ఊడి, సైకిళ్ళతో సహా మెల్లగా నేలకు వంగింది. పెయింట్ కింద వెల్డింగంతా తుప్పే.

"హైవే మీద ఊడితే వెనకొచ్చేటోని గతేంది?" అన్నాడు బావ, మొదటిసారి కదలకుండా నిలబడి.

"వెల్డింగ్ బాగుందనే అనుకుని లెక్క కట్టా బావా..." అని గొణిగాను.

"నీ లెక్కలో కొబ్బరికాయ వేశావురా?" అంది అక్క.

పాప ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "మామా, నువ్వు లెక్క కట్టావ్ కదా?" అని మాత్రం అడిగింది.

బంపర్ రెండో కొన కూడా కోసి, ర్యాక్‌తో సహా గరాజ్‌లో పడేశాం. కొబ్బరికాయని పెరట్లో ఇటుక మీద కొట్టాం. ట్రైలర్‌లో ఖాళీగా మిగిలింది నేను పడుకోవాల్సిన బంక్ ఒక్కటే. దాని మీద గులాబీ సైకిల్‌ని దుప్పటి పరిచి పడుకోబెట్టాను, నేను కింద చాప మీద సర్దుకున్నాను. సరస్సు పక్కన పాప ఒక రౌండు కొట్టి, ఆగి, నా వైపు చూసి నవ్వింది.

ఇప్పుడు ఆఫీస్‌లో కుర్రాళ్ళు లెక్కలు తెస్తే, అన్నీ చూశాక లేచి వెళ్ళి అసలు వస్తువుని వేళ్ళ కణుపులతో ఓసారి తట్టి చూస్తాను. వాళ్ళు నవ్వుకుంటారు. రెంచి ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ కుర్రాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుకుంటాను. ర్యాక్ మోయాల్సిన సైకిళ్ళు నాలుగు. వెళ్ళింది ఒకటి.