పచ్చకన్ను రేడియో కోసం కడప దాకా

రెండేళ్ల క్రితం, ఊరంతా కూర్చుని పేపర్లు చదువుకునే మా చదువుల గదికి రేడియో కొనడానికి నేనూ, మా ఊళ్లో సైకిళ్లు బాగుచేసే దస్తగిరీ కలిసి కడపకు పోయి వచ్చాం. ఆ ప్రయాణం గురించి చదువుల గది చేతిరాత పత్రికలో అప్పుడే రాశాను. బస్సు ఎన్నింటికి, రైలు ఎన్నింటికి, ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ పత్రిక తీసుకుపోయి, దాన్ని చూసుకునే కడపకు పోయి వచ్చారు. అందులోని వేళలు సరైనవే, ధరలూ సరైనవే. మనిషి గురించి రాసిందే తప్పు.

"ఏ రేడియో కొనాలన్నది దస్తగిరికే వదిలేశాను" అని అందులో ఒక వాక్యం ఉంది. అది అబద్ధం.

పోయిన నెల మా ఊరికి కరెంటు వచ్చింది. రెండేళ్లుగా గుడ్డ కప్పుకుని కూర్చున్న రేడియో ఆ రోజే మొదటిసారి పలికింది. చదువుల గది పెద్ద నరసప్ప అందరి ముందూ నా భుజం తట్టి, "హనుమంతప్పది ముందుచూపప్పా. కరెంటు వస్తాదని రెండేండ్ల ముందే కనిపెట్టినాడు" అన్నాడు. ఇదే నరసప్ప ఈ రెండేళ్లూ అదే రేడియోను చూపించి, "సాయిబు మాట విని మోసపోతిమి" అంటూ వచ్చాడు. మూగగా ఉన్నన్నాళ్లూ అది దస్తగిరి రేడియో. పలికిన రోజు నుంచి నాదయింది. నరసప్ప ఆ మాట అన్నప్పుడు దస్తగిరి మిద్దె మీద ఏరియల్ తీగ బిగిస్తున్నాడు. వినపడే ఉంటుంది. కిందికి చూడలేదు.

అప్పుడైనా నేను నోరు తెరవలేదు. ఇప్పుడు పక్క ఊరి పంచాయతీ వాళ్లు రేడియో కొనబోతున్నారు. కొని తెచ్చి, రోజూ దాన్ని చూసుకునే మనిషికి నెల జీతం కూడా ఇస్తారట. దస్తగిరి ఆ పని అడగబోతే, "మీ హనుమంతప్పే రాసినాడు కదప్పా ఆ రేడియో ఎంచింది నువ్వేనని. రెండేండ్లు పలకనేలేదు గదా" అని పంపేశారు. నలుగురు పిల్లల తండ్రి. సైకిళ్లే లేని ఊళ్లో సైకిలు షాపు పెట్టుకున్నవాడు. అందుకని ఆ ప్రయాణాన్ని మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.

నయాపైసలు వచ్చిన కొత్తలో, ఎండాకాలం చివర బయల్దేరాం. ఆదోనిలో, గుంతకల్లులో రేడియో షాపులు ఉన్నాయి కానీ రెండు మూడు రకాలకు మించి లేవు. కడపలో ఒక షాపులో డజను పెట్టెలు వరసగా పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి పలికించి చూపిస్తారని విన్నాం. ఊరంతా చందా వేసుకున్న సొమ్ము కదా, చూసి తేవాలనుకున్నాం. దస్తగిరి బళ్లారిలో నాలుగేళ్లు ఒక రేడియో మెకానిక్కు దగ్గర పని చేశాడు గనుక తోడు పిలిచాను.

తెల్లవారుజామున ఐదింటికి బండి కట్టించి, ఆరున్నరకు ఆలూరు చేరాం. ఏడింటికి గుంతకల్లు బస్సు. టికెట్టు పది అణాలు. పది అణాలంటే అరవై రెండున్నర నయాపైసలు. ఆ అర పైసా ఎవరు వదులుకోవాలో తేలక కండక్టరు ప్రతి సీటు దగ్గరా వాదించుకుంటూ వచ్చాడు. మా వంతు వచ్చేసరికి, "ఇద్దరికీ కలిపి ఒకటే టికెట్టు కొట్టప్పా. రెండు అరలు కలిస్తే ఒకటి అవుతాది" అన్నాడు దస్తగిరి. కండక్టరు కాసేపు ఆలోచించి నవ్వి అట్లాగే చేశాడు. జంటగా పోయేవాళ్లు ఈ ఉపాయం గుర్తుంచుకోవచ్చు.

గుంతకల్లులో పదిన్నరకు పాసింజరు. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె, చెనిగ్గింజల పొడి తాడిపత్రి దాటాక విప్పాం. ముద్దనూరులో ఒక ముసలామె పుచ్చకాయల గంపతో ఎక్కి, మా కాళ్ల మీదే గంప పెట్టి, "యాడికి పోతాండారు నాయనా?" అంది.

"కడపకు అవ్వా. రేడియో కొనేకి."

"పాటలు పాడేదా?"

"వార్తలు కూడా చెప్తాది."

"వార్తలు నేనే చెప్తా గదా, ఊరికే," అని ఎర్రగుంట్ల వచ్చేదాకా వాళ్ల ఊరి సంగతులన్నీ చెప్పింది. దిగేటప్పుడు మాకొక కాయ ఇచ్చింది.

నాలుగున్నరకు కడప. ఆ రాత్రికి దస్తగిరి చిన్నమ్మ ఇంట్లో దిగాం. సంగటి, గోంగూర పెట్టింది. కడపలో బంధువులు లేనివాళ్లకు స్టేషను ఎదుట లాడ్జి ఉంది, మంచాలు శుభ్రంగా ఉంటాయి.

పొద్దున ఎర్రకారం దోసెలు తిని, పదింటికల్లా షాపు మెట్లెక్కాం. షాపాయన నెమ్మదైన మనిషి. కొనేవాళ్లో, చూసిపోయేవాళ్లో అని మొహాలు చూడకుండా అందరికీ ఒకేలా చూపిస్తాడు. చూడాల్సినవి చాలానే ఉన్నాయి, కొనబోయేవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. రేడియోలో వాల్వులని గాజుబుడ్లు ఉంటాయి. అవి ఎక్కువైతే దూరపు స్టేషను కూడా గట్టిగా పలుకుతుంది, కానీ ఒకటి మాడిపోతే దానికోసం ఊళ్లు తిరగాలి. మీడియం వేవు ఒక్కటే ఉంటే మన దేశపు స్టేషన్లు వస్తాయి. షార్ట్ వేవు కూడా ఉంటే సిలోను పాటలు వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. కొన్ని కరెంటుతో నడుస్తాయి. కొన్ని ఇటుకల్లాంటి డ్రై బ్యాటరీతో నడుస్తాయి. రోజుకు రెండు గంటలు వింటే ఆ బ్యాటరీ కొన్ని నెలలు వస్తుంది, తర్వాత కొత్తది కొనాలి.

దస్తగిరి నాలుగు వాల్వుల బ్యాటరీ రేడియో ముందు గొంతుకూర్చున్నాడు. నున్నటి పెట్టె, ఏ సింగారమూ లేదు. వెనక రేకు విప్పించి లోపలికి చూశాడు. "దీని వాల్వులు గుంతకల్లులో దొరుకుతాయా? బ్యాటరీ యాడ దొరుకుతాది? ఈ తీగ ఎలుక కొడితే నేనే వేసుకోవచ్చునా?" అని ఒక్కొక్కటే అడిగాడు. అన్నిటికీ జవాబు తీసుకుని నా వైపు తిరిగి, "ఇదేన్నా మనకు" అన్నాడు.

నేను అప్పటికే వేరే దాని ముందు నిలబడి ఉన్నాను. ఆరు వాల్వులు, మూడు బ్యాండ్లు, నిగనిగలాడే చెక్క. ముందు భాగంలో పైన రూపాయి బిళ్లంత గాజు కన్ను. స్టేషను సరిగ్గా కుదిరితే ఆ కన్ను పచ్చగా వెలిగి రెప్పలు దగ్గరికి వస్తాయి. షాపాయన మర తిప్పినప్పుడల్లా అది నన్నే చూసినట్టుండేది. అది కరెంటు రేడియో. మా ఊళ్లో కరెంటు లేదు.

కరెంటు లేదు గానీ స్తంభాలు ఉన్నాయి. అంతకు రెండు నెలల ముందే వచ్చి పాతిపోయారు. అప్పుడు నేనన్న మాట ఇదీ: "స్తంభాలు వచ్చినాంక తీగ ఎంతసేపు? మనం పొడి దుక్కిలో విత్తనం వేస్తాం. వాన వచ్చినాంకనే విత్తుతామా? వస్తాదని నమ్మి వేస్తాం. ఇదీ అంతే."

మా మెట్టపొలాల్లో అది నిజమే. ఏరువాక దాటిపోతుందని దుమ్ములోనే విత్తి ఆకాశం వైపు చూసేవాళ్లం మేము. ఈ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరనుకున్నాను.

దస్తగిరి చెప్పాడు. "భూమిలో వేసిన విత్తనం ఎవరికీ కనపడదన్నా. మొలవకపోతే మనమే ఏడుస్తాం. ఇది చదువుల గదిలో పెట్టేది. రోజూ ఊరంతా వచ్చి మొలిచిందా అని అడుగుతాది."

"బ్యాటరీది కొంటే రేపు కరెంటు వచ్చినాంక దాన్నేం చేసుకుంటాం?"

"కరెంటు లేని ఊరికి అమ్ముదాం. మన తాలూకాలో అట్లాంటి ఊర్లకేమన్నా కరువా?"

షాపాయన మాకు టీ తెప్పించాడు. ఎవరి పక్షమూ చేరకుండా, "రేపటి సంగతి అంటే అంతు లేదయ్యా. తెల్లోళ్ల దేశాల్లో ఇప్పుడు బొమ్మ కనపడే రేడియోలు వచ్చినాయంట. అవి ఈడికి వస్తే నా షాపులో ఉండేవన్నీ మూలకు పోవాల్సిందే" అన్నాడు.

"అట్లయితే అవి వచ్చేదాకా చెవులు మూసుకుని కూచుందామా?" అన్నాడు దస్తగిరి. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే నేను కరెంటు రేడియోకు డబ్బు కట్టాను. ముందుచూపు అని నాకు నేను చెప్పుకున్నాను కానీ, నాకు కావలసింది ఆ పచ్చకన్ను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

దస్తగిరి మళ్లీ వాదించలేదు. పెట్టెను గడ్డిలో పెట్టి గోనెలో కుట్టేటప్పుడు పక్కన నిలబడి, వాల్వుల మీద ఒత్తిడి పడకుండా ఎటు ఎంత గడ్డి కూరాలో చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆరున్నర పాసింజరుకు తిరుగు ప్రయాణం. పెట్టె బల్ల మీద పెడితే అదురుతుందని దస్తగిరి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపు నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. రాజంపేట నుంచి వస్తున్న ఒక అరటికాయల వ్యాపారి మా ఎదురుగా కూర్చున్నాడు.

"రేడియోనా? కరెంటుదా, బ్యాటరీదా?"

"కరెంటుది," అన్నాను.

"మీ ఊర్లో కరెంటు ఉండాదా?"

"స్తంభాలు వచ్చినాయి."

"మా అత్తగారి ఊర్లో కూడా వచ్చినాయి, మూడేండ్ల కిందట. కాకులకు శానా బాగుండాది," అన్నాడాయన. రైలు పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు దస్తగిరి, "నవ్వుకోండప్పా. మా అన్న రేపటికి కొన్నాడు, ఈ పొద్దుకు కాదు. పదేండ్లు నిలిచే పెట్టె ఇది, లోపల నేను చూసినా" అన్నాడు. వద్దన్నవాడే, పరాయివాళ్ల ముందు నా పక్షాన నిలబడ్డాడు. వ్యాపారి తగ్గి, మా ఇద్దరికీ చెరో రెండు అరటిపళ్లు ఇచ్చాడు. గుత్తి దాకా మాటలు బాగానే సాగాయి. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తున్న భాగం అదే. కిటికీలోంచి వేడిగాలి, ఎర్రమట్టి, ఒళ్లో పెట్టెను పసిబిడ్డలా పట్టుకుని కునికిపాట్లు పడే మనిషి.

పన్నెండున్నరకు గుంతకల్లు. మూడింటికి బస్సు. ఆలూరులో మా బండి వచ్చి ఉంది. పొద్దుగూకే వేళకు ఊరు చేరాం. చదువుల గది కట్ట మీద జనం ఎదురుచూస్తున్నారు. గోనె విప్పగానే పెట్టె నిగనిగ చూసి అందరూ మెచ్చుకున్నారు.

నరసప్ప చుట్టూ తిరిగి చూసి, "బ్యాటరీ యాడ?" అన్నాడు.

"ఇది కరెంటుదే," అన్నాను.

"ఎవరు ఎంచినారు దీన్ని? సాయిబా?" అన్నాడు నరసప్ప.

నేను, "యంత్రాల సంగతి దస్తగిరికి తెలుసు కదా," అన్నాను.

అంతే అన్నాను. అవునని అనలేదు, కాదని అనలేదు. దస్తగిరి నా వైపు ఒకసారి చూసి, పెట్టెను లోపలికి తీసుకుపోయి బల్ల మీద పెట్టాడు. తర్వాత వారంలో నేను పత్రికలో రాసినప్పుడు ఆ నాన్చుడు మాట కాస్తా పూర్తి అబద్ధమైంది. ఒకసారి రాశాక నాకే అది నిజమనిపించసాగింది. పిల్లలు దస్తగిరిని మూగరేడియో సాయిబు అన్నారు. వాడు ప్రతి శుక్రవారమూ వచ్చి, ఎలుకలు తీగ కొట్టాయేమోనని చూసి, దుమ్ము తుడిచి పోయేవాడు. ఈ రోజు ఆ రేడియో పలుకుతోందంటే నా ముందుచూపు వల్ల కాదు. ఆ తుడుపు వల్ల.

ఇది రాసి నిన్న సాయంత్రం చదువుల గదిలో పైకి చదివాను. నరసప్ప ఉన్నాడు, కబురు పెడితే పక్క ఊరి పంచాయతీవాళ్లు ఇద్దరు వచ్చారు, దస్తగిరి గడప దగ్గర కూర్చున్నాడు. చదవడం అయ్యాక నరసప్ప రేడియో వైపు చూసి, "అయితే ఇన్నాళ్లూ నాతో వాణ్ణి తిట్టించినావు" అన్నాడు.

పంచాయతీవాళ్లలో ఒకాయన దస్తగిరి వైపు తిరిగాడు. "మా ఊర్లో కూడా స్తంభాలు వచ్చినాయప్పా. మేమేది కొనాల?"

"తీగలు వచ్చినాయా?"

"లేదు."

"అయితే బ్యాటరీది. సోమవారం పోదాం."

అందరూ లేచాక దస్తగిరి నా దగ్గరికి వచ్చాడు. ఏమంటాడోనని కాగితాలు మడత పెడుతూ నిలబడ్డాను.

"అన్నా, గుంతకల్లు బస్సు ఇప్పుడు మూడింటికి లేదు. రెండున్నరకే పోతాండాది," అన్నాడు. "అది కూడా దిద్దు. నీ రాత నమ్మి పోయినోళ్లు ఎండలో నిలబడతారు."

దిద్దాను. చదివేవాళ్లు గమనించగలరు: తిరుగు ప్రయాణంలో గుంతకల్లు నుంచి ఆలూరు బస్సు రెండున్నరకు.