‘అక్కాబావల’ బొమ్మ వెనకాల: మార్టూరు మీదుగా వాడరేవు

నా స్నేహితురాలు ఫర్జానా ఫోను మూడు రోజులుగా స్విచ్చాఫ్. నా ప్రయాణానికి కారణం అదొక్కటే. వాడరేవు వెళ్ళే దారి కోసం ఈ పోస్టు తెరిచినవాళ్ళకు దారీ చెబుతాను, ఛార్జీలూ చెబుతాను. కానీ ఆ శనివారం నేను సముద్రం చూడ్డానికి వెళ్ళలేదు.

మా తెలుగు కామిక్స్ గ్రూపులో కొన్ని వందల మందిమి ఉన్నాం. మేమంతా ఏళ్ళుగా చదువుతున్న ఒక అమెరికన్ కామిక్‌లో ఇద్దరు నల్లజాతి సూపర్‌హీరోలున్నారు. ఆమె అరచేత్తో భూకంపాన్ని ఆపుతుంది, అతను గోడల్లోంచి నడిచిపోతాడు. కొత్త సంచికలో ఆ ఇద్దరూ ప్రేమించుకున్నారు. మొదటిరోజు గ్రూపంతా పండగే. ఎవరో వాళ్ళకు ‘అక్కాబావలు’ అని పేరు కూడా పెట్టేశారు. నర్సింగ్ చదివే ఒక అమ్మాయి, “నా రంగున్న మనిషిని హీరోయిన్ స్నేహితురాలిగా కాకుండా హీరోయిన్‌గా చూడటం ఇదే మొదటిసారి” అని రాసింది. మర్నాటికి గాలి మారింది. “ఇద్దరూ నల్లవాళ్ళని జత కట్టేశారు, కథలో కారణమేదీ?” అన్నారు కొందరు. “తెల్లవాళ్ళిద్దరు కలిసినప్పుడు కారణం అడిగామా?” అంది ఫర్జానా. అంతటితో ఆగకుండా ఇద్దరికీ బాసికాలు కట్టి, తలంబ్రాలు పోసుకుంటున్నట్టు బొమ్మ వేసి పెట్టింది. కింద వచ్చిన మాటలన్నీ ఇక్కడ రాయలేను. ‘కరెంటు పోతే పెళ్ళికొడుకుని వెతుక్కోవాలి’ అన్నదే వాటిలో కాస్త మర్యాదైనది. ఒకడైతే నల్లగా ఉండే ఫర్జానా ఫోటో తెచ్చి బొమ్మ పక్కన అతికించి, ‘అసలు పెళ్ళికూతురు దొరికింది’ అని రాశాడు. ఆమె గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచే ఫోను మోగడం లేదు.

గుంటూరు బస్టాండులో పొద్దున ఏడింటికి ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మార్టూరుకు టికెట్ వంద పైచిలుకు, రెండు గంటల్లో దింపేస్తుంది. చిలకలూరిపేట దగ్గర ఒక మిర్చి లారీ వెనక పడ్డాం. బస్సంతా తుమ్ములు, దగ్గులు. కళ్ళు తుడుచుకుంటుంటే పక్కనున్న పెద్దావిడ “ఏడవబాకమ్మా, లారీ పక్కకి పోద్దిలే” అని నవ్వింది. నేనూ నవ్వాను. కళ్ళనీళ్ళు మాత్రం లారీ వెళ్ళిపోయాక కూడా ఆగలేదు.

మార్టూరులో గ్రానైట్ పాలిష్ యూనిట్ల మధ్య నుంచి ఆటో పోతుంటే చెట్ల ఆకులు కూడా రాతిపొడితో తెల్లగా కనిపించాయి. ఫర్జానా అక్కడ దుకాణాల బోర్డులు, లారీల నంబర్లు రాస్తుంది. ఇంటికెళ్తే తలుపు తీసింది వాళ్ళమ్మ.

“పొద్దున్నే వాడరేవు పోయింది సుధమ్మా. బొమ్మల సంచీ తీసుకుని ఒక్కతే పోయింది. ఫోను ఇదిగో, ఇక్కడే పడేసింది.”

“ఎందుకెళ్ళిందండీ?”

“పనుందంది. మూడు రోజుల్నించీ సరిగ్గా అన్నం తిన్లా. ఏమైందే అంటే ఏం లేదంటది. నీకేమన్నా తెలుసా?”

ఎవరో ఫర్జానా బొమ్మను ఎగతాళి చేశారని మాత్రం చెప్పాను. వాడరేవు అనగానే సముద్రం గుర్తొచ్చి నాకొచ్చిన ఆలోచన ఆమెకు చెప్పలేదు. ఆమెకూ అదే ఆలోచన వచ్చినట్టుంది. నా చెయ్యి పట్టుకుని, “కనపడంగానే ఫోన్ చెయ్యి తల్లీ” అంది.

పర్చూరు మీదుగా చీరాల బస్సులో గంటకు పైనే పట్టింది. చీరాలలో షేర్ ఆటో నిండేదాకా ఆగే ఓపిక లేక, నూటయాభైకి ఆటో మొత్తం మాట్లాడుకున్నాను.

“స్నానానికాండీ? ఇయ్యాల అలలు పెద్దగా ఉన్నయ్, లోపలికి పోబాకండి,” అన్నాడు డ్రైవరు.

“పొద్దున సంచీతో ఒక్కతే వచ్చిన అమ్మాయిని ఎవరన్నా చూశారా?”

ఆయన అద్దంలో నా మొహం చూశాడు. బండి వేగం పెంచాడు.

ఒడ్డున సెలవురోజు జనం ఫోటోలు దిగుతున్నారు. ఇసుకలో ఎవరూ లేని చెప్పుల జత కనిపిస్తే చాలు, ఆగి చూశాను. చేపలు ఎండబెడుతున్న ఒకామెను అడిగితే చెయ్యి చూపించింది: “బొమ్మల పిల్లేగా? అదిగో, మా పడవకాడ.”

ఇసుక మీదికి లాగిన పడవ పక్కన, మోచేతుల దాకా రంగుతో, ఫర్జానా కూర్చుని ఉంది. వెళ్ళి ఆమె పక్కనే ఇసుకలో కూర్చున్నాను.

“ఏందక్కా, నువ్విక్కడ?”

“ఫోను ఎందుకు ఆపావే?”

“అది మోగితే చాలు, వణుకొస్తంది.”

ముందు వాళ్ళమ్మకు ఫోన్ కలిపి ఇచ్చాను. తర్వాత సంగతంతా చెప్పింది. పడవ మీద పేరు రాయడానికి ఎప్పుడో ఒప్పుకున్న పని. సంచీలో ఉన్న తలంబ్రాల బొమ్మ చూసి, పడవ యజమానురాలు నాగమణి (నాకు దారి చూపించినామె) ఎవరు వీళ్ళని అడిగిందట. భూకంపాన్ని ఆపే మనిషంటే, “అలను ఆపుద్దా?” అందట. ఆపొచ్చని ఫర్జానా చెప్పడంతో, “అయితే ఇద్దర్నీ మా పడవ మీద వెయ్యి” అందట.

పడవ మీద ఇద్దరూ సగం పూర్తయ్యారు. ఫర్జానా వెనక్కి జరిగి, కాగితం మీది బొమ్మను పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

“తెల్లబడ్డారు కదక్కా?”

నిజమే. కాగితం మీది నలుపు పడవ మీద లేదు. చామనఛాయకు దిగింది.

“కావాలని చెయ్యలా. చెయ్యి భయపడింది,” అంది. నల్లరంగు డబ్బా మూత తీసి మళ్ళీ కలిపి, బొమ్మలోని ఆమె చెంప దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మధ్యాహ్నం నాగమణి పెట్టిన చేపల కూర, అన్నం ముగ్గురం తిన్నాం. ఫర్జానా రెండోసారి అన్నం వేయించుకుంది.

బొమ్మ పూర్తయ్యాక ఫోను పైకెత్తాను. “వద్దక్కా. ఈ ఒక్కదాని కింద ఎవరూ ఏమీ రాయకుండా ఉండనీ,” అంది. అందుకే ఈ పోస్టులో పడవ ఫోటో లేదు. ఆమె పేరు కూడా మార్చి, ఆమెను అడిగే ఇదంతా రాశాను.

ఫర్జానా తిరిగి గ్రూపులోకి రాలేదు, రమ్మని నేనూ అడగలేదు. ఫోటో అతికించినవాడు ఇంకా అక్కడే ఉన్నాడు, ‘సరదాకి’ అంటున్నాడు. అక్కాబావలు కలవాలా వద్దా అన్న వాదన సాగుతూనే ఉంది. కాగితం మీది ఆ ఇద్దరికీ అందులో ఏ మాటా తగలదు. మిగిలినవాళ్ళకు తగులుతుంది. నర్సింగ్ అమ్మాయి మాత్రం నాకు విడిగా రాసి, పడవ ఏ వైపున ఉంటుందో అడిగింది. ఫర్జానాను అడిగి చెప్పాను. మీరూ వెళ్ళేటట్టయితే చీరాలలోనే ఆటోను రానూపోనూ మాట్లాడుకోండి, సాయంత్రం ఒడ్డున ఖాళీ బండి దొరకదు. పడవలు తెల్లవారకముందే వేటకు పోతాయి. మధ్యాహ్నం దాటాక వెళ్తే ఒడ్డునే ఉంటాయి.